ఇది నొక్కితే ఏమంటారన్నా?

పోయిన నెల మా షిఫ్టులోకి ఒక కుర్రాడు వచ్చాడు. తెనాలి అవతల ఏదో పల్లెటూరు, డిప్లొమా చేశాడు, 22 ఏళ్లుంటాయేమో. గ్యాస్ ప్లాంటంటే సిలిండర్లు నింపే చోటు అన్నంత వరకే తెలిసి వచ్చేవాళ్లే మా దగ్గర ఎక్కువ, వీడు మాత్రం చదువుకుని వచ్చాడు. గ్యాస్ నిల్వ చేసే పెద్ద ట్యాంకుని మేం బుల్లెట్ అంటాం. దాని కింద నీళ్లు డ్రెయిన్ చేసేటప్పుడు రెండు వాల్వులుంటాయి కదా, ముందు ఏది తెరవాలిరా అని అడిగితే తడుముకోకుండా చెప్పాడు. "బుల్లెట్‌కి దగ్గరున్నది పూర్తిగా తెరవాలన్నా, కిందదాంతో కంట్రోల్ చెయ్యాలి. గడ్డకడితే కిందదే గడ్డకడుతుంది, పైది కట్టేసుకోవచ్చు." 1966లో ఫ్రాన్స్‌లో ఫెయ్‌జిన్ రిఫైనరీలో ఆ రెండు వాల్వుల దగ్గరే తేడా వచ్చి, ఎంతకీ మూసుకోక, ప్రొపేన్ తన్నుకొచ్చి 18 మంది పోయారని కూడా వాడే చెప్పాడు. నాకు చాలా సంతోషమేసింది.

ఆ ఊపులో పంపుహౌస్ బయట ఎర్ర బటన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఈఎస్‌డీ, అంటే ప్లాంట్ మొత్తాన్ని ఒక్క దెబ్బతో ఆపేసే బటన్. పంపులు ఆగుతాయి, కంప్రెసర్ ఆగుతుంది, లైన్లలో ఉన్న ఆర్‌ఓవీలు, అంటే దూరం నుంచే నడిపే వాల్వులు, వాటంతట అవే మూసుకుంటాయి. ఇది నొక్కితే ఏమవుతుందంటే అని మొదలుపెట్టగానే మధ్యలోనే ఆపాడు.

"ఏమవుతుందో తెలుసన్నా. నొక్కితే ఏమంటారు?"

17 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఆ ప్రశ్న నన్నెవరూ సూటిగా అడగలేదు. "ఏమీ అనరులే, ప్రమాదం అనిపిస్తే నొక్కెయ్" అన్నాను. వాడు తలూపాడు. నేను చెప్పింది అబద్ధమని నాకు తెలుసు, వాడికీ తెలిసే ఉంటుంది. అప్పట్నుంచి ఆ అబద్ధం నన్ను వదలట్లేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. గ్యాస్ ప్లాంట్ ఆపరేటర్‌కి ప్లాంట్ ఆపే అధికారం ఉందని బోర్డు మీద రాసినంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఆపిన తర్వాత ఏమీ దొరక్కపోయినా, కంగారు పడి ఆపేశాడని తేలినా, వాడిని ఎవరూ సంజాయిషీ అడగని రోజునే ఆ అధికారం ఉన్నట్టు.

మే నెలలో మంచు

2016 మే, బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా. విజయవాడ మే ఎండ గురించి ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. నాలుగున్నరకి రౌండ్స్‌కి వెళ్లాను. నడుస్తున్న పంపు సీల్ దగ్గర తెల్లగా ఏదో కనపడింది. ఎవరైనా సున్నం ఒలకబోశారా అనుకున్నాను. వంగి చూస్తే మంచు. పక్కనున్న రెయిలింగ్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది, ఆ పక్కనే బొటనవేలంత మందాన మంచు పేరుకుని, దాని అంచు నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి. ద్రవంగా ఉన్న ఎల్పీజీ బయటికొచ్చి ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడినంతా లాగేసుకుంటుంది, దాంతో గాల్లో తేమ అక్కడే గడ్డకడుతుంది. అంటే సీల్ కారుతోందన్నమాట. ద్రవం ఒక వంతు కారితే దాదాపు 250 వంతుల గ్యాస్ అవుతుంది. పైగా గాలికన్నా బరువు కాబట్టి పైకి పోదు, నేలని పట్టుకుని పల్లంలోకి, కాలవల్లోకి పాకుతుంది.

డిటెక్టర్ 12 చూపిస్తోంది. మా దగ్గర 20కి మోగుతుంది. బయటివాళ్ల కోసం ఒక మాట: 20 అంటే గాల్లో 20 శాతం గ్యాస్ ఉందని కాదు, అంటుకోవడానికి కావాల్సిన కనీస మోతాదులో 20 శాతమని. ఎల్పీజీకి ఆ కనీస మోతాదు గాల్లో 2 శాతం లోపే. కాబట్టి రూలు ప్రకారం అది ఇంకా అలారం కూడా కాదు. కానీ నేను నిలబడ్డ చోటికీ డిటెక్టర్‌కీ మధ్య ఆరడుగుల దూరం ఉంది, గాలి అటు నుంచి ఇటు వీస్తోంది.

నొక్కేశాను.

ఫిల్లింగ్ షెడ్‌లో కరౌజల్, అంటే గుండ్రంగా తిరుగుతూ సిలిండర్లు నింపే యంత్రం, ఆగిపోయింది. కన్వేయర్ల చప్పుడు ఆగగానే ఆ నిశ్శబ్దానికే అందరూ బయటికొచ్చేశారు. మళ్లీ ఒక్కో ఆర్‌ఓవీని రీసెట్ చేసుకుంటూ, లైన్లు చూసుకుంటూ మొదలుపెట్టేసరికి 50 నిమిషాలు పట్టింది. గేటు బయట లారీలు బారులు తీరాయి. సీల్ విప్పి చూస్తే అరిగింది, మార్చారు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత కాంట్రాక్టర్ ద్వారా ఒక కాగితం వచ్చింది. స్టాండ్‌బై పంపుకి మార్చే అవకాశం ఉండగా ఈఎస్‌డీ ఆపరేట్ చేసి ఉత్పత్తికి అంతరాయం కలిగించినందుకు మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలని దాని సారాంశం. ఎవరూ అరవలేదు. ఉద్యోగం పోలేదు, జీతం కోయలేదు. వివరణ రాసిచ్చాను, ఫైల్లో పెట్టుకున్నారు. అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నిజాయితీ అనిపించుకోదు. ఆ కాగితంలో ఉన్నది పూర్తిగా తప్పు కాదు. స్టాండ్‌బై పంపు ఆన్ చేసి, కారుతున్నదాన్ని కట్టేసి, రెండు వైపులా వాల్వులు మూసేస్తే అయిదు నిమిషాల్లో అయిపోయేది. అనుభవమున్నవాడు అదే చేసేవాడేమో. ఆ అయిదు నిమిషాలూ మంచు కడుతున్న పంపు పక్కన నిలబడి చెయ్యాలి, మోటారు స్విచ్చులు వెయ్యాలి. అది సరైనదా, నేను చేసింది సరైనదా అని పదేళ్లుగా అటూ ఇటూ ఆలోచిస్తూనే ఉన్నాను.

చొక్కా వాసన

2018 డిసెంబర్, సి షిఫ్టు, తెల్లవారుజామున నాలుగు. 18 టన్నుల బుల్లెట్ లారీ అన్‌లోడ్ అవుతోంది. లిక్విడ్ హోస్ జాయింట్ దగ్గర సన్నగా బుస్సుమంది. చలికాలం, అసలే పొగమంచు, ఏది గ్యాసో ఏది మంచో తెలియని తెలుపు ఒకటి నేల మీద పరుచుకుని మోకాళ్ల దాకా వచ్చింది.

బటన్ నా వెనకాల పదిహేను అడుగుల్లో ఉంది. లారీ వాల్వు ముందు ఎనిమిది అడుగుల్లో ఉంది. ఆ క్షణంలో నా మనసులోకి వచ్చింది నా పిల్లలో, డ్రైవరో అని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ వచ్చింది ఆ కాగితంలోని 'అంతరాయం' అనే మాట. ముందుకే వెళ్లాను. ఆ తెల్లటి దాంట్లోకి నడిచి వాల్వు చేత్తో తిప్పాను. గ్లౌజు ఉన్నా చేతికి అతుక్కునేంత చల్లగా ఉంది. మూసుకోవడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత గాస్కెట్ మార్చి మళ్లీ అన్‌లోడింగ్ మొదలుపెట్టాం. రిజిస్టర్‌లో 'లిక్విడ్ హోస్ గాస్కెట్ మార్చడమైనది' అని ఒక్క లైను రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. పొద్దున వచ్చిన సార్ "ప్రొడక్షన్ ఆగకుండా మేనేజ్ చేశావ్, గుడ్" అన్నారు.

ఇంటికొచ్చేసరికి ఏడు. మా ఆవిడ వంటింట్లో దోసెలు వేస్తోంది. నేను గుమ్మం దాటి హాల్లోకి వచ్చానో లేదో టక్కున పొయ్యి కట్టేసిన శబ్దం వినపడింది. కట్టేశాక బయటికొచ్చి అడిగింది, "ఏమండీ, ఏంటీ వాసన?" అని. సిలిండర్ చూసింది, రెగ్యులేటర్ తీసి మళ్లీ పెట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి చొక్కా భుజం దగ్గర వాసన చూసి వెనక్కి జరిగింది. "ఇంత ఎప్పుడూ లేదు" అంది.

గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు, లీకైతే తెలియడానికి మెర్కాప్టన్ కలుపుతారు. ఆ వాసనలో రోజంతా ఉండేవాడి ముక్కు కాసేపటికే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నా చొక్కా వాసన నాకు తెలియదు. ఆ రాత్రి నేను ఎంత గ్యాస్‌లో నిలబడ్డానో ఏ డిటెక్టరూ, ఏ రిజిస్టరూ నాకు చెప్పలేదు, దోసెల పిండి అంటిన చేత్తో మా ఆవిడ చెప్పింది. అసలు వాసన వచ్చింది అనుకోగానే ఆవిడ ముందు చేసిన పని పొయ్యి కట్టెయ్యడం. అడగడం తర్వాత. పెనం మీద దోసె పాడైపోయింది, ఎవరూ ఏమీ అనలేదు.

నేను స్నానం చేస్తూ చాలాసేపు ఈ లెక్కే వేసుకున్నాను. ఆపినందుకు కాగితం ఇచ్చారు. ఆపనందుకు గుడ్ అన్నారు. రెండున్నర సంవత్సరాల తేడాలో ఈ రెండూ ఒకే మనిషికి జరిగాయి. నాకెవరూ 'ఆపొద్దు' అని చెప్పలేదు. అయినా నేను నేర్చుకున్నది మాత్రం అదే.

చెప్పే హక్కు, ఆపే హక్కు

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు 41హెచ్ అని ఒక సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పని జరిగే చోట ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడికి గట్టిగా అనిపిస్తే యాజమాన్యం దృష్టికి తేవచ్చు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పవచ్చు అని అందులో ఉండేది. మంచిదే. కానీ జాగ్రత్తగా చదవండి, అది చెప్పే హక్కు. చెప్పాక ఏం చెయ్యాలో చూసుకోవాల్సింది యాజమాన్యం. గ్యాస్ విషయంలో చెప్పడానికీ చెయ్యడానికీ మధ్య ఉండే టైములోనే జరగాల్సింది జరిగిపోతుంది.

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊరి దగ్గర గ్యాస్ పైప్‌లైన్ పేలింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆ లైను తాటిపాక నుంచి బయల్దేరి మా కొండపల్లి పవర్ ప్లాంటుకి వచ్చే లైను. అంటే అక్కడ తగలబడింది మన వైపు రావాల్సిన గ్యాసు. లీకులున్నాయని అంతకుముందే చెప్పామని ఊళ్లోవాళ్లు అన్నారు. చెప్పినవాళ్లున్నారు, విన్నవాళ్లూ ఉండే ఉంటారు. వాసన తగిలిన మనిషి చేతికి అందే దూరంలో మాత్రం వాల్వు లేదు.

దీనికన్నా నన్ను ఎక్కువ కలచివేసేది పైపర్ ఆల్ఫా. సముద్రం మధ్యలో చమురు, గ్యాస్ తీసే ప్లాట్‌ఫామ్ అది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో తగలబడి 167 మంది పోయారు. దానికి పైపుల ద్వారా కలిసి ఉన్న వేరే ప్లాట్‌ఫాములు క్లేమోర్, టార్టన్. పైపర్ తగలబడుతోందని తెలిసి కూడా అవి ఆ పైపుల్లోకి చమురు, గ్యాస్ పంపడం వెంటనే ఆపలేదు. క్లేమోర్ మీద ఇంచార్జి, ఒడ్డున ఉన్న పెద్దవాళ్ల మాట కోసం ఎదురుచూస్తూ ఆలస్యం చేశాడు. లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990లో ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. క్లేమోర్ ఇంచార్జి దుర్మార్గుడని నేను అనుకోను. నాకు ఆ మనిషి బాగా అర్థమవుతాడు. ఆపితే ఎంత నష్టమో, మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో అతనికి బాగా తెలుసు. రేపు ఎవరికి సమాధానం చెప్పాలో కూడా తెలుసు. ఎదురుగా మంటలు కనపడుతున్నవాడికే చెయ్యి రాకపోతే, డిటెక్టర్ 12 దగ్గర ఉన్నప్పుడు మా తెనాలి కుర్రాడికి ఎలా వస్తుంది?

సార్ మాటల్లోనూ నిజముంది

ఈ విషయం రిటైరైన ఒక ఆఫీసర్‌తో గట్టిగానే వాదించాను. నాకు పని నేర్పినవాళ్లలో ఆయనొకరు, ఆయన మాట తేలిగ్గా తీసేయలేను. ఆయనన్నది ఇది. "ప్లాంట్ ఆపడం కూడా ఒక ప్రమాదమేనయ్యా. నడుస్తున్నప్పటికన్నా ఆపేటప్పుడు, మొదలుపెట్టేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. వాల్వులన్నీ ఒక్కసారిగా మూసుకుంటే లైన్లో దెబ్బ తగులుతుంది. మళ్లీ మొదలుపెట్టే తొందరలో ఒకడు ఒక వాల్వు మర్చిపోతాడు. ప్రతివాడూ భయమేసినప్పుడల్లా నొక్కితే, నాలుగోసారికి ఆ బటన్‌ని ఎవరూ నమ్మరు."

ఇది నిజం. ఇంకోటి కూడా నిజం. మా కరౌజల్ గంటకి వెయ్యికి పైగా సిలిండర్లు నింపుతుంది. 50 నిమిషాలు ఆగితే అన్ని ఇళ్లకి ఆ రోజు సిలిండర్ రాదు. సంక్రాంతి ముందు అలా ఆగితే ఏజెన్సీల దగ్గర ఎలా ఉంటుందో చూశాను. డిటెక్టర్లు కూడా దేవుళ్లేం కాదు, పక్కన ఎవరైనా పెయింట్ వేస్తూ థిన్నర్ డబ్బా తెరిస్తే మోగుతాయి.

ఈ థిన్నర్ సంగతే నన్ను ఇరుకున పెడుతుంది. మూడేళ్ల కింద, అప్పటికి నేను షిఫ్ట్ ఇంచార్జిని, ఒక ఆపరేటర్ సరిగ్గా అలాంటి అలారానికే ప్లాంట్ ఆపాడు. షెడ్ వెనకాల ఎవరో గేటుకి రంగు వేస్తున్నారు. నేను వాడితో "ఒక్కసారి చూసుకోవాలి కదరా" అన్నాను. కోపంగా కూడా అనలేదు. కానీ వాడు తల దించుకున్న తీరు చూశాక నాకు నా కాగితం గుర్తొచ్చింది. కాగితం అక్కర్లేదు, పైవాడు అలా ఒక్క మాటన్నా చాలు. వాడు ఆ తర్వాత నా షిఫ్టులో ఎప్పుడూ నొక్కలేదు. నొక్కాల్సిన అవసరం రాలేదో, వచ్చినా చెయ్యి రాలేదో నాకు తెలిసే దారి లేదు. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

అందుకే సార్ వాదన నేను సగం ఒప్పుకుంటాను. ఎప్పుడు స్టాండ్‌బైకి మార్చాలో, ఎప్పుడు ఒక్క పంపు ఆపితే చాలో, ఎప్పుడు మొత్తం ఆపాలో నేర్పించాలి, మళ్లీ మళ్లీ నేర్పించాలి. కానీ ఆ నేర్పడం ఆపినవాడికి మెమో ఇచ్చి కాదు. మాక్ డ్రిల్‌లో నేర్పండి, ఖాళీ టైములో నేర్పండి. ఆపిన రోజున మాత్రం ఒక్క మాటా అనొద్దు. భయమేసినప్పుడల్లా నొక్కేస్తారని ఆయన భయం. నా అనుభవంలో ఎవడూ ఊరికే నొక్కడు. పాత షిఫ్టు రిజిస్టర్లు తిరగేస్తే నొక్కిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా సమస్య ఎక్కువసార్లు నొక్కడం ఎప్పుడూ కాలేదు. ఇక కాంట్రాక్టు కుర్రాడి సంగతి వేరే చెప్పాలా? ఏడాదికోసారి రెన్యువల్ కోసం చూసేవాడు బటన్ వైపు చూసే చూపు, పర్మినెంట్ ఆపరేటర్ చూసే చూపు ఒకటి కావు.

కనపడే నీళ్లు, కనపడని గ్యాసు

2024 సెప్టెంబర్ 1, బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచేసిన రోజు. నా రిలీవర్ ఇల్లు అటువైపే. ఫోన్ కలవలేదు, మనిషి రాలేదు. రిలీవర్ వచ్చేదాకా కుర్చీ వదలకూడదన్నది మా పనిలో మొదటి నియమం కాబట్టి వరసగా మూడు షిఫ్టులు ఉండిపోయాను. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద అన్నారు. ఆ రోజుల్లో పని ఆపేద్దామా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. లారీలు రావు, మనుషులు రారు, నీళ్లు కళ్లెదుటే ఉన్నాయి. ఆపేశాం. తర్వాత ఎవరికీ ఏ కాగితమూ రాలేదు.

నేను అడిగేది కూడా ఇంతే. నీళ్లకి ఇచ్చిన మర్యాద గ్యాస్‌కి కూడా ఇవ్వండి. నీళ్లయితే అందరికీ ఒకేసారి కనపడతాయి. గ్యాస్ అయితే ఆ టైముకి ఆ చోట ఉన్న ఒక్కడికే తెలుస్తుంది, అది కూడా అనుమానంగానే. వాడి అనుమానాన్ని నమ్మకపోతే ఇంక నమ్మడానికి మిగిలేది మంట ఒక్కటే.

పోయిన గురువారం రాత్రి మా కుర్రాడు పంపు ఆపాడు. ఈఎస్‌డీ కాదు, ఒక్క పంపే, దాంతో ఫిల్లింగ్ పావుగంట ఆగింది. "టకటకమని సౌండొస్తోందన్నా, బేరింగేమో అనుకున్నా" అన్నాడు. టార్చి పట్టుకుని ఇద్దరం చూశాం. బేరింగ్ బాగానే ఉంది. కప్లింగ్ గార్డుకి ఒక బోల్టు వదులైంది, అంతే. స్పానర్ తెప్పించి బిగించాం. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. నేను రిజిస్టర్ తెప్పించుకుని టైము వేసి, 'శబ్దం తేడాగా ఉన్నందున పంపు ఆపడమైనది, ఆపడం సరైనదే' అని రాసి, కింద నా సంతకం చేసి, వాడిని కూడా సంతకం పెట్టమన్నాను. వాడు రెండుసార్లు చదువుకుని పెట్టాడు.